పాఠకుడి పూచీ

1

రచయిత బాధ్యతను గురించి మన పత్రికల్లోనూ మన సభల్లోనూ జరిగినంత చర్చ మరి దేన్ని గురించీ జరగలేదు. 1936లో లక్నోలో అభ్యుదయ రచయితల మొదటి అఖిల భారత మహాసభకు అధ్యక్షత వహించిన ప్రేమ్‌చంద్, సౌందర్యాన్ని కొలిచే కొలబద్దనే మార్చుకోవాలన్నాడు. 1943లో తాపీ ధర్మారావు అధ్యక్షతన తెనాలిలో కూడిన మన రచయితలు ఆ ప్రశ్ననే తెలుగులో వేసుకున్నారు. తన రచన వల్ల మంచికి దెబ్బ తగలకుండా, చెడ్డకు బలం చేకూరకుండా చూసుకోవలసిన భారం రచయితదేనని రావిశాస్త్రి హెచ్చరించాడు. ఇదంతా అవసరమే.

కాని ఒక సంగతి గమనించారా? రచయితను బోనెక్కించి ప్రశ్నించిన మనం, పాఠకుణ్ణి మాత్రం ఎప్పుడూ న్యాయమూర్తి కుర్చీలోనే కూర్చోబెడుతూ వచ్చాం. "బాగుంది", "బాగా లేదు", "చదివించింది", "విసుగు పుట్టించింది" అనే నాలుగు మాటలతో అతడు తీర్పు చెబుతాడు. పుస్తకం మూస్తాడు. మరొకటి తెరుస్తాడు. తన తీర్పుకు అతడు ఎవరికీ జవాబుదారీ కాడు.

నేను వేయదలచిన ప్రశ్న ఇది: ఒక పుస్తకాన్ని గురించి మనం ఏర్పరుచుకునే అభిప్రాయానికి నైతికమైన పూచీ ఏమైనా ఉందా, లేదా?

లేదనడం చాలా సులభం. ఎవరి పిచ్చి వారికానందం అన్నారు. పచ్చట్లో కారం ఎక్కువైందన్నవాణ్ణి నీతీ న్యాయమూ అడగం గదా, నవల సాగతీశాడన్నవాణ్ణి మాత్రం ఎందుకడగాలి? మొన్నటి వేసవి దాకా నేనూ ఇలాగే అనుకునేవాణ్ణి. పిల్లలకు సాహిత్యపాఠం చెప్పి జీతం తీసుకునేవాణ్ణి గనక ఆ మాట పైకి అనేవాణ్ణి కాను, అంతే తేడా. ఆ వేసవిలో జరిగింది చెబితే తప్ప నా వాదం బోధపడదు. అంచేత ముందు అది చెబుతాను.

2

మేముండేది బొల్లారం. సైన్యాన్ని ఆశ్రయించుకుని పెరిగిన ఊరు. బ్రిటిషు రెసిడెంటు విడిదిగా ఉండిన భవనం ఇవాళ రాష్ట్రపతి నిలయం. 2023 నుంచి ఏడాది పొడుగునా జనాన్ని లోపలికి రానిస్తున్నారు. కళాశాలకు సెలవులిచ్చాక, ఇంట్లో ఉక్క భరించలేని మధ్యాహ్నాలు ఒక పుస్తకం పట్టుకుని స్టేషనుకు పోయి, వేపచెట్టు నీడలో కూర్చుని చదవడం నాకు అలవాటు. చదివిన ప్రతి పుస్తకాన్ని గురించీ ఒక నోటుపుస్తకంలో రెండు మూడు వాక్యాలు రాసుకుంటాను. విమర్శ కాదు. వట్టి పాఠకుడి అభిప్రాయం.

ఆ వేసవిలో ఐదు పుస్తకాలు చదివాను. ఐదూ ఒకే కాలానికి, అంటే నిజాం రాజ్యపు చివరి ఇరవై ముప్పై ఏళ్ళకు సంబంధించినవి. ముందుగా ఒక ఏర్పాటంటూ చేసుకోలేదు. ఒకటి చదివితే అది మరొకదాని దగ్గరికి తోసింది. వాటిలో రెండు నవలలు, మూడు నవలలు కానివి.

మొదటిది కె.ఎం. మున్షీ జ్ఞాపకాలు, 'ది ఎండ్ ఆఫ్ ఆన్ ఎరా' (1957). 1948లో భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్‌గా వచ్చిన మున్షీ మకాం మా బొల్లారంలోనే ఉండేది. ఊరి మీది మమకారంతో మొదలుపెట్టి రెండు రోజుల్లో ముగించాను. "పట్టు సడలకుండా చదివించింది" అని రాసుకున్నాను.

రెండోది పుచ్చలపల్లి సుందరయ్య రాసిన 'వీర తెలంగాణ విప్లవ పోరాటం - గుణపాఠాలు'. ఇంగ్లీషులో 1972లో వచ్చిన ఈ గ్రంథం తెలుగులోనూ దొరుకుతుంది. దీనికి నేను రాసుకున్న అభిప్రాయం: "ప్రామాణికం. అంకెలు ఎక్కువ. చదవడానికి ఓపిక కావాలి."

మూడోది వట్టికోట ఆళ్వారుస్వామి నవల 'ప్రజల మనిషి' (1955). "ఉద్దేశం గొప్పది. శిల్పం బలహీనం. పాత్రలు ఉపన్యసిస్తాయి." నాలుగోది, ఆళ్వారుస్వామి ఆపిన చోటు నుంచి ఆ చరిత్రను నవలల్లో ముందుకు నడిపించిన దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు'. దీనికి మాత్రం అరపేజీ రాశాను: "కరుణ చక్కగా పోషించాడు. వనజ పాత్ర చిరకాలం నిలుస్తుంది. పాణి కళ్ళతో గడీని చూపించడం గొప్ప ఎత్తుగడ."

ఐదోది స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన 'మనకు తెలియని మన చరిత్ర'. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ నోటితో తాము చెప్పిన కథలు. దీన్ని గురించి ఇలా రాశాను: "విలువైన ప్రయత్నం. కాని చెప్పిందే చెప్పడం ఎక్కువ. సంస్కరించి కుదిస్తే బాగుండేది."

మర్యాదగా ఉన్నాయి గదా ఈ అభిప్రాయాలు? ఇలాంటివి ఏ పత్రికలో పడ్డా ఎవరూ తప్పుపట్టరు. విద్యార్థులు నన్నడిగితే ఇవే చెప్పేవాణ్ణి. 'చిల్లర దేవుళ్లు' చదవమనేవాణ్ణి, ఐదో పుస్తకాన్ని "వీలుంటే చూడండి" అనేవాణ్ణి.

3

మా అమ్మమ్మకు తొంభై దాటాయి. చూపు మందగించింది గాని చెవులు బాగా పనిచేస్తాయి. సాయంకాలాలు ఏదైనా చదివి వినిపించమంటుంది. 'చిల్లర దేవుళ్లు' భాష తన ఊరి భాష గనక ఆమెకు సుఖంగా ఉంటుందని అదే చదవడం మొదలుపెట్టాను.

ఆ నవల చదివినవారికి తెలుసు: పాణి అనే సంగీత విద్వాంసుడు బతుకుతెరువు వెతుక్కుంటూ ఆంధ్ర ప్రాంతం నుంచి ఒక తెలంగాణ పల్లెకు, దొర గడీకి వస్తాడు. ఆ గడీలో వనజ అనే ఆడబాప ఉంటుంది. దొరల ఇళ్ళల్లో చాకిరీకీ భోగానికీ కట్టుబడి ఉండే దాసిని ఆడబాప అనేవారు. దొరబిడ్డకు పెళ్ళి చేసి పంపేటప్పుడు పసుపు కుంకుమలతో పాటు, ఆవులతో పాటు, ఒక పిల్లను కూడా ఆమె వెంట పంపేవారు.

వనజ వచ్చే ఘట్టాలు రెండు చదివాను. మూడోదానికి అమ్మమ్మ నన్ను ఆపింది.

"నాతోని గూడ ఒక పిల్లను పంపిండ్రు బిడ్డా," అంది. "లగ్గమైనంక అత్తగారింటికి పొయ్యేటప్పుడు అరణమిచ్చిండ్రు."

నేను చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆమె పేరేంది అమ్మమ్మా?" అని అడిగాను.

"పేరా?" అని ఆలోచించింది. "పిల్లా అనేటోళ్ళం."

మా అమ్మమ్మ పుట్టిల్లు నల్లగొండ జిల్లాలో ఒక దొరల ఇల్లు. మెట్టినిల్లు అంత పెద్దది కాదు. మాలీ పటేలు ఇల్లు. పెళ్ళయిన మరుసటి ఏడే పోలీసు చర్య జరిగిందని ఆమె లెక్క. అంటే 1947. మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ నేను విన్న కథ వేరు. మా తాత పోరాటానికి చందా ఇచ్చాడనీ, రజాకార్ల రోజుల్లో ఒక కార్యకర్తను గడ్డివాములో దాచాడనీ చెప్పేవారు. అది అబద్ధం కాకపోవచ్చు. ఆ కథను నేను సభల్లో చెప్పుకున్నాను కూడా. గడ్డివాము అందరికీ గుర్తుంది. ఆ పిల్ల పేరు ఎవరికీ గుర్తు లేదు.

ఆ రాత్రి నోటుపుస్తకం తీసి నా అరపేజీ మళ్ళీ చదువుకున్నాను. "వనజ పాత్ర చిరకాలం నిలుస్తుంది." ఎవరి మనసులో నిలుస్తుంది? రంగాచార్య కల్పించి పేరు పెట్టిన స్త్రీ నా మనసులో నిలిచింది. నా ఇంట్లో బతికిన స్త్రీకి పేరే నిలవలేదు.

4

ఇక్కడ మన ప్రాచీన ఆలంకారికులను పిలవక తప్పదు. కరుణరసం గల కావ్యాన్ని చదివి మనం ఎందుకు ఆనందిస్తాం అనే ప్రశ్నకు వాళ్ళు చాలా తెలివైన సమాధానం చెప్పారు. లోకంలోని శోకం ఫలానావారి శోకం. కావ్యంలో ఆ శోకానికి ఆ 'ఫలానా' పోతుంది. అది నాదీ కాదు, శత్రువుదీ కాదు, మిత్రుడిదీ కాదు. దీన్ని భట్టనాయకుడు సాధారణీకరణం అన్నాడు. ఇలా సొంతదారు లేని శోకాన్ని అనుభవించగలవాడే సహృదయుడు.

ఈ సిద్ధాంతాన్ని నేను పదేళ్ళుగా తరగతిలో చెబుతున్నాను. అందులో నిజం ఉంది. సాధారణీకరణం లేకపోతే పరాయివాడి బాధ మనకు చేరే దారే ఉండదు. కాని ఆ దారి మరోవైపుకు కూడా పోతుందని నేనెప్పుడూ చెప్పలేదు. శోకానికి సొంతదారు లేకుండా పోయినప్పుడు, ఆ శోకానికి కారకుడు కూడా లేకుండా పోతాడు. పాణి కళ్ళతో గడీని చూస్తున్నంతసేపూ నేను బయటి నుంచి వచ్చిన జాలిగుండె మనిషిని. నిజానికి నా చోటు గడీ బయట కాదు, లోపల. వనజ ఎవరి కాళ్ళొత్తుతుందో ఆ మంచం మీద. నవల నన్ను అక్కణ్ణుంచి లేపి, పాణి పక్కన కూర్చోబెట్టింది. నేను సంతోషంగా కూర్చున్నాను. కన్నీరు పెట్టుకుని, ఆ కన్నీటిని నా మంచితనానికి రుజువుగా జమకట్టుకున్నాను.

ఇది రంగాచార్య తప్పా? ఎంతమాత్రం కాదు. ఆయన గడీని చూపించాడు. ఎక్కడ నిలబడి చూడాలో ఎంచుకున్నవాణ్ణి నేను. ఆ ఎంపిక నాకు తెలియకుండానే జరిగింది. కాని తెలిసిన తర్వాత కూడా అక్కడే కూర్చుంటే, అది ఇక అమాయకత్వం అనిపించుకోదు.

"ఇష్టాయిష్టాలు మన చేతుల్లో లేవు, మన చేతుల్లో లేనిదానికి పూచీ ఏమిటి?" అనే వాదానికి నా సమాధానం ఇదే. నచ్చడం మన చేతుల్లో లేదు, నిజమే. ఎందుకు నచ్చిందని అడగడం మాత్రం మన చేతుల్లో ఉంది. అడగకుండానే "బాగుంది" అనే ముద్ర వేసి, ఆ ముద్రను తరగతి గదిలోకో పత్రికలోకో గ్రంథాలయం కొనుగోలు జాబితాలోకో తీసుకుపోతే అది అభిరుచి అనిపించుకోదు. అది చర్య. చర్యకు పూచీ ఉంటుంది.

5

ఇక్కడ కొందరు తొందరపడి ఒక నిర్ణయానికి వస్తారు: నవల మోసం చేస్తుంది, చరిత్ర నిజం చెబుతుంది, కాబట్టి కల్పన కట్టిపెట్టి చరిత్ర చదువుదామని. నేను చదివిన ఐదు పుస్తకాలు ఈ నిర్ణయాన్ని నిలవనివ్వలేదు.

సుందరయ్య గ్రంథంలో తెలంగాణ వెట్టిని వర్ణించే భాగం ఉంది. ఏ కులం వాళ్ళు దొరకు ఏమేమి ఊరికే చేసిపెట్టాలో, ఏమేమి ఊరికే ఇచ్చుకోవాలో అందులో వరసగా ఉంటుంది. ఆ వరసలోనే, అన్నిటికన్నా నీచమైనదిగా, దొరల ఇళ్ళల్లో ఆడపిల్లలను దాసీలుగా ఉంచుకునే ఆచారాన్నీ, కూతుళ్ళ పెళ్ళిళ్ళలో వాళ్ళను వెంట పంపడాన్నీ కొద్ది వాక్యాల్లో చెప్పాడు. అంటే మా అమ్మమ్మ చెప్పిన సంగతి నేను అప్పటికే చదివాను. రైలుపట్టాల పక్కన వేపచెట్టు కింద కూర్చుని, పెన్సిలు చేతిలో ఉండి, ఆ వాక్యాల కింద గీత కూడా గియ్యకుండా పేజీ తిప్పేశాను. సుమారు 3,000 గ్రామాలు, పంచిన 10 లక్షల ఎకరాలు, ప్రాణాలర్పించిన 4,000 మంది, మూడు నాలుగేళ్ళు నిర్బంధంలో మగ్గిన 10,000 మందికి పైగా కార్యకర్తలు: ఈ అంకెలన్నీ నోటికి వచ్చాయి. పరీక్షలో రాయవచ్చు. కాని అవి మా ఇంటి గడప దాటి లోపలికి రాలేదు. వచ్చింది నవల. వనజకు ఒక పేరూ, ఒక గొంతూ లేకపోతే మా అమ్మమ్మ నోరు తెరిచేదే కాదు. డెబ్భై ఏళ్ళకు పైగా ఆమె చేత ఆ మాట ఏ చరిత్ర గ్రంథమూ అనిపించలేదు.

ఐతే, నవల తెరిచిన ఆ నోటి నుంచి వచ్చింది ఒక్క ఇంటి సంగతా, ఒక వ్యవస్థ సంగతా అన్నది తేల్చింది మళ్ళీ సుందరయ్యే. ఆ కొద్ది వాక్యాలు లేకపోతే నేను దాన్ని మా తాతల గుణదోషంగా, ఇంటి రహస్యంగా మడిచి పెట్టెలో పెట్టేవాణ్ణి. కల్పన తలుపు తట్టింది. చరిత్ర ఆ తలుపు వెనక ఉన్నది ఒక్క మా ఇల్లే కాదని చెప్పింది. రెండూ కావాలి.

మున్షీ పుస్తకమూ చరిత్రే గదా. అది పట్టు సడలకుండా చదివించింది, నిజం. ఎందుకు? అందులో ఉన్నవాళ్ళందరూ మాట్లాడగలవాళ్ళు: దివాన్లు, మంత్రులు, సేనాధిపతులు. ఒక గదిలోంచి మరో గదిలోకి రాయబారం నడుస్తుంది. గడువులు దగ్గర పడతాయి. ఉత్కంఠ దానంతటదే పుడుతుంది. ఆ గదుల బయట భూమి కోసం ప్రాణాలకు తెగించిన రైతు అందులో ప్రధానంగా శాంతిభద్రతల సమస్య. మున్షీ తాను చూసింది రాశాడు. ఆ రాజకీయాలు తెలుసుకోవలసినవాడు ఆయన పుస్తకం చదవాలి. నేను చెప్పేదల్లా ఇంతే: "పట్టుగా ఉంది" అని ఒకదాన్నీ "ఓపిక కావాలి" అని మరొకదాన్నీ అన్నప్పుడు, నేను రెండు శైలులను పోలుస్తున్నాననుకున్నాను. నిజానికి గదిలో ఉన్నవాళ్ళ కథ వినడానికి నాకున్న అలవాటునూ, పొలంలో ఉన్నవాళ్ళ కథ వినడానికి లేని అలవాటునూ బయటపెట్టుకున్నాను.

6

ఐదో పుస్తకం మిగిలింది. "చెప్పిందే చెప్పడం ఎక్కువ" అన్నాను. అలంకారశాస్త్రం దీన్ని పునరుక్తి దోషం అంటుంది.

ఆ మొదటి సాయంత్రం తర్వాత నాలుగు రోజులకు అమ్మమ్మ తనంతట తానే మళ్ళీ ఆ సంగతి ఎత్తింది. అరణమిచ్చిన సంగతే. చెప్పిన మాటలే చెప్పింది. ఐతే ఈసారి చివర ఒక మాట చేర్చింది: "నా ఈడుదే. నాకు పదమూడు, దానికీ పదమూడే." ఇంకో వారానికి మూడోసారి చెప్పింది. మళ్ళీ అదే కథ, అదే క్రమం, అవే మాటలు. పడక దులిపేది, తల దువ్వేది, కాళ్ళొత్తేది. ఆ పైన: "మీ తాత మంచోడే గాని," అని ఆగిపోయింది. నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. చాలాసేపటికి, "పోలీసు యాక్షనైనంక ఏడవోయిందో. నేను దేవులాడలే," అంది.

పునరుక్తి అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. కావ్యంలో అది దోషమే. సాక్ష్యంలో అది ధైర్యం కూడదీసుకునే పద్ధతి. మొదటిసారి చెప్పలేని మాట కోసమే మనిషి అదే దారిన రెండోసారి, మూడోసారి నడుస్తాడు. ఆ స్త్రీల కథలను "సంస్కరించి కుదిస్తే" ముందుగా పోయేవి ఆ చివర చేరిన మాటలే.

మళ్ళీ ఆ పుస్తకం తీశాను. చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, దూడల సాలమ్మ, కమలమ్మ: ఈసారి ఒక్కొక్కరి కథా ఆగి ఆగి చదివాను. నాకు మొదటిసారి విసుగు పుట్టిన చోట్లు ఏవో వెతికాను. దొరలను గురించి, రజాకార్లను గురించి చెప్పిన చోట్ల విసుగు పుట్టలేదు. అడవిలో దళంతో ఉండి, కన్నబిడ్డను పరాయి చేతుల్లో పెట్టి పొమ్మంటే పెట్టిన తల్లి ఆ సంగతి చెప్పిన చోట, పోరాటం ఆగాక ఇంటికి పోయి సంసారాలు చేసుకోమన్నారని స్త్రీలు బాధపడ్డ చోట పుట్టింది. అంటే ప్రశ్న శత్రువు నుంచి నా పక్షం మీదికి తిరిగిన ప్రతి చోటా నాకు "సాగతీత" కనిపించింది. విసుగు కూడా ఒక పక్షం వహిస్తుందని ఆ రోజు గ్రహించాను. అది శిల్పదోషం వేషం వేసుకుని వస్తుంది గనక గుర్తుపట్టడం కష్టం.

7

ఈ సంగతులు నా సహోద్యోగి ఒకాయనతో చెప్పాను. ఆయన శుద్ధకళావాది, మంచి పండితుడు. "మాష్టారూ, పుస్తకాన్ని పుస్తకంగా చూడండి. మీ ఇంటి పాపాల లెక్క రంగాచార్య నవల మీద ఎందుకు వేస్తారు?" అన్నాడు. ఆయన మాటలో బలముంది. పాఠకుడు ప్రతి పుస్తకాన్నీ తన ఆత్మకథ చేసుకుంటే ఇక పుస్తకానికి చోటేదీ? ఐతే నేను అడుగుతున్నది నవల మీద నా లెక్క వెయ్యమని కాదు, నా తీర్పు మీద వెయ్యమని. తూకం వేసేవాడు ముందు కాటా సరిచూసుకోవాలి. సరుకు బరువు ఎంతో చెప్పడానికి ఆ పని అడ్డురాదు, తోడ్పడుతుంది.

మన ఉద్యమంలోని మిత్రుడొకడితోనూ అన్నాను. అతడు మరో మాట అన్నాడు: "ఇంత తర్జనభర్జన దేనికి? పుస్తకం ఏ వర్గం పక్షాన ఉందో చూడు. మన పక్షమైతే బాగుంది. కాకపోతే బాగా లేదు. అదే పూచీ." ఇది వినడానికి దృఢంగా ఉంటుంది గాని, శుద్ధకళావాదం కన్నా దీని వల్ల మనకే ఎక్కువ నష్టం. రాజభక్తుడైన బాల్జాక్ నవలల్లో ఫ్రెంచి సమాజపు నిజం ఎంత ఉందో 1888లో ఎంగెల్స్ ఒక ఉత్తరంలో చెప్పాడు. ఆ సంగతి మనం వల్లిస్తూనే ఉంటాం, పాటించం. 'ప్రజల మనిషి'కి నేను చేసింది చూడండి. "ఉద్దేశం గొప్పది" అని ముందుగా ఒక దండ వేశాను. దండ వేసిన తర్వాత దగ్గరగా చూడవలసిన పని లేకపోయింది.

రెండోసారి దగ్గరగా చూశాను. ఆళ్వారుస్వామి ఒకరింట వంటపని చేసి చదువు సంపాదించుకున్నాడు. హోటలులో పనిచేశాడు, పత్రికలో ప్రూఫులు దిద్దాడు. 1938లో, ఇంకా బ్రిటిషు పాలన కింద ఉన్న సికిందరాబాదులో, దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి పుస్తకాలు వేశాడు. 1961లో చనిపోయాడు. సభ జరుపుకోవాలంటే సర్కారు అనుమతి కావలసిన రాజ్యంలో బతికినవాడికి, ఊళ్ళో పదిమంది కూర్చుని పత్రిక చదివించుకు వినడమే ఒక సాహసం. కంఠీరవమూ, దిమ్మెగూడెం జనమూ మాట్లాడుకునే మాటలు నాకు ఉపన్యాసాల్లా వినిపించాయి. నేను మాట్లాడే స్వేచ్ఛలో పుట్టినవాణ్ణి గనక అలా వినిపించాయి. దేశ్‌ముఖ్ రామభూపాలరావు నీడలో గొంతెత్తి ఒక పూర్తి వాక్యం పలకడమే ఆ నవలలో ఒక సంఘటన. ఆ నవలలో శిల్పలోపాలు లేవనను. ఉన్నాయి. కొన్నిచోట్ల కథ నిజంగానే కుంటుతుంది. కాని నేను లోపమనుకున్న చాలా చోట్ల లోపం నా చెవిలో ఉంది. "మన పక్షం" అని తల ఊపి ఊరుకున్నందువల్ల ఆ నవల బలమూ నాకు తెలియలేదు, బలహీనతా తెలియలేదు.

8

నా ప్రశ్నకు నా సమాధానం ఇది. పాఠకుడికి పూచీ ఉంది. అది ఫలానా పుస్తకం నచ్చాలి, ఫలానాది నచ్చకూడదు అనే పూచీ కాదు. అలాంటి ఆజ్ఞలతో సాహిత్యం బతకదు. అభిప్రాయం చెప్పేటప్పుడు, తాను ఎక్కడ కూర్చుని చదివాడో కూడా చెప్పే పూచీ. నచ్చిన పుస్తకాన్ని "నువ్వు నాకు ఏమి మరిపించావు?" అని అడగాలి. నచ్చని పుస్తకాన్ని "నువ్వు నాకు ఏమి గుర్తుచేయబోయావు?" అని అడగాలి. ఈ రెండు ప్రశ్నలూ వేసిన తర్వాత కూడా నచ్చింది నచ్చిందిగానే, నచ్చనిది నచ్చనిదిగానే మిగలవచ్చు. మిగిలితే అప్పుడది అభిప్రాయం. అంతకు ముందుది అలవాటు మాత్రమే.

విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ ఈ పూచీ మరింత ఎక్కువ. సామాన్య పాఠకుడి "బాగా లేదు" అతడితోనే పోతుంది. ఉపాధ్యాయుడి "వీలుంటే చూడండి" అనే ఒక్క మాటతో ముప్పై నలభై మంది పిల్లల చేతుల్లోంచి ఒక పుస్తకం జారిపోతుంది. ఆ పిల్లల్లో గడీలోపలి మనవలూ ఉంటారు, వెట్టి చేసినవాళ్ళ మనవలూ ఉంటారు. నేను కరుణరసానికి ఉదాహరణగా వనజను చెప్పినప్పుడు, వెనక బెంచీలో ఎవరి ముత్తవ్వ సంగతి చెబుతున్నానో నాకు తెలియదు. ఆ పాఠాన్ని నాలుగేళ్ళు చెప్పాను. ఒక్కరూ నన్ను ఆపలేదు. బాగా చెప్పాననుకున్నాను.

కళాశాల తెరిచాక తరగతిలో ఐదు పుస్తకాలూ బల్ల మీద పెట్టి, నా పాత అభిప్రాయాలు చదివి వినిపించాను. తర్వాత మా ఇంటి సంగతి చెప్పాను. చెప్పడం తేలిక కాలేదు; తాతను గడ్డివాము దగ్గరే ఆపేద్దామని నాలుక తొందరపెట్టింది. గంట కొట్టాక ఒక అమ్మాయి వచ్చి, ఐదో పుస్తకం ఇంటికి తీసుకుపోవచ్చా అని అడిగింది. ఎందుకని నేను అడగలేదు. ఇచ్చాను.

నోటుపుస్తకంలో పాత వాక్యాలు కొట్టివెయ్యలేదు. వాటి కింద కొత్తవి రాశాను. 'చిల్లర దేవుళ్లు' కింద ఇలా ఉంది: "మంచి నవల. చదివినవాడు మా తాత ఇంటి మనవడు." అమ్మమ్మ ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ పిల్ల పేరు గుర్తుచేసుకోబోతుంది. ఒకసారి మల్లమ్మ అంటుంది, ఒకసారి ఎల్లమ్మ అంటుంది, కాదు కాదంటుంది. చెప్పిన ప్రతిసారీ వింటున్నాను.